ద్రోణాచలంలో బొటనవేలు (మన లెక్కల చరిత్ర – 7వ భాగం)



పోయిన భాగంలో కరువు పనుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి బిల్లు గురించి. బిల్లుకి చరిత్రేముంది సార్ అని నా క్లాసులో ఒక పిల్లోడు నవ్వినాడు. ఉంది. మన చరిత్ర చాలావరకు ఆ కాగితం మీదే ఉంది. కాకపోతే మన చేతిరాతలో లేదు.

మా సీమలో డబ్బుని లెక్క అంటాం. "లెక్క ఉందా?" అంటే జేబులో డబ్బుందా అని. "లెక్క పడిందా?" అంటే కూలి డబ్బు ఖాతాలో పడిందా అని. డబ్బుకీ, దాన్ని రాసిపెట్టే పద్దుకీ ఒకటే మాట. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసిన నాకు ఈ మాట వెనకున్న సంగతి ఏ నిఘంటువులోనూ దొరకలేదు, మా జేజి నోట్లో దొరికింది. "లెక్క మనది నాయనా, పుస్తకం వాళ్లది" అనేది ఆమె.

మా ఊరు డోన్. పాత రైల్వే వాళ్లు ఇప్పటికీ ద్రోణాచలం అంటారు. ద్రోణుడి పేరు మీద ఆ పేరు వచ్చిందని చెప్పుకుంటారు. ద్రోణుడు అనగానే అందరికీ అర్జునుడు గుర్తొస్తాడు. మాకు ఏకలవ్యుడు గుర్తొస్తాడు. చెప్పని పాఠానికి బిల్లు వేసి, నిషాదుల పిల్లోడి బొటనవేలు వసూలు చేసుకున్న గురువు పేరు మీద మా ఊరుంది. ఆ బొటనవేలు పట్టుకునే ఈ భాగమంతా నడుస్తాం.

పుస్తకం ఎవరి చంకలో ఉండింది?

1800లో నిజాం ఈ ప్రాంతంలో చాలా భాగాన్ని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాడు. సీడెడ్ జిల్లాలంటే అవే. థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్నాడు. కర్నూలు నవాబు చేతిలో ఉన్న భాగం 1839లో కంపెనీ కిందికి వచ్చింది. మన్రో పేరు చెప్పగానే రైత్వారీ అని పరీక్షలో రాస్తాం కదా. దొరకీ రైతుకీ మధ్య జమీందారు లేడు, రైతు పేరుతోనే పట్టా, రైతే నేరుగా శిస్తు కడతాడు. వినడానికి బాగుంది. అయితే ఒక ప్రశ్న వేసుకోండి. ఆ పట్టా పుస్తకంలో పేరు ఎక్కాలంటే భూమి ఉండాలి. భూమి లేని మాల మాదిగల పేరు ఎక్కడ ఎక్కాలి?

ఎక్కలేదు. తోలు పని, తోటి పని, వెట్టి, పశువుల కాపలా, కల్లంలో చాకిరి, వీటికి కల్లం దగ్గర ఇన్ని గింజలని ఒక ఆనవాయితీ. పంట పండితే గింజలు, ఎండితే దండం. ఆ గింజలకి రసీదు ఉండదు. ఎన్ని రోజులు చేసినామో రాసుకునే పుస్తకం ఉండదు. ఊరి లెక్కంతా కరణం చంకలో. ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కి పోయేది. చదువు మనకి నిషేధం, పుస్తకం వాళ్లకి వారసత్వం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల వ్యవస్థ రద్దు చేసేదాకా ఇదే నడిచింది. నేను పుట్టడానికి కొన్నేళ్ల ముందటి మాట ఇది. పురాణం కాదు.

ముద్ర ఎవరిని కట్టేస్తుంది?

ఇప్పుడు బెంగాల్‌కి పోదాం. 1858లో జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు పనికి కంకర లాంటి సున్నపురాయి సరఫరా చేయమని రాజ్యధర్ కొనై అనే వ్యక్తితో ఒప్పందం రాసుకున్నాడు. సంతకంతో ఆగలేదు. కొనై అరచేతికి మసి పూసి కాగితం మీద అద్దించాడు. ఎందుకు? రేపు "ఆ సంతకం నాది కాదు" అనకుండా భయం పెట్టడానికి. తర్వాతి కాలంలో ప్రపంచమంతా పాకిన వేలిముద్రల పద్ధతికి ఇదొక మొదలు అని చెప్తారు. హెర్షెలే తర్వాత పింఛనుదార్లకీ, రిజిస్ట్రేషన్లకీ వేలిముద్రలు వాడించాడు. 1897లో కలకత్తాలో నేరస్తుల వేలిముద్రల బ్యూరో పెట్టారు.

గమనించండి. అది ఒక వ్యాపార ఒప్పందం. రాయి ఇచ్చేవాడు చెయ్యి అద్దాడు. డబ్బు ఇవ్వాల్సినవాడు ఆ ఒప్పందం మీద చెయ్యి అద్దలేదు. మాట తప్పుతాడని అనుమానం ఎప్పుడూ కింద ఉన్నవాడి మీదే.

చరిత్రలో ఏ పత్రం కనిపించినా నేను ఈ ఒక్క ప్రశ్నే వేస్తాను. ఈ ముద్ర ఎవరిని కట్టేస్తుంది?

మా జేజి ముద్ర వేసింది. 1970ల నాటి కరువులో ఒక ఆసామి దగ్గర మూడు వందల రూపాయలు తెచ్చుకుంది. ప్రోనోటు మీద ఏం రాశారో ఆమెకి తెలీదు. "వేలు పట్టుకుని ఆయనే అద్దించినాడు" అని చెప్పేది, ఎడమ చేతి బొటనవేలు చూపిస్తూ. ఆ నోటు తీరేదాకా మా పెదనాయన ఆ ఇంట్లో జీతగాడు. అప్పటికి ఆయనకి పదేళ్లు. ఏడాదికోసారి లెక్క చూసేవాళ్లు. ఆసామి చదివేవాడు, జేజి వినేది. ఏ ఏడు చదివినా అప్పు అంతే ఉండేది. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. ఢిల్లీలో అప్పు రద్దయింది. మా గేరిలో ఆ సంగతి చెప్పినవాడు లేడు. ఇంకో మూడేళ్లు పెదనాయన గొడ్లు కాసినాడు.

మనం పాత కాంటాక్ట్‌లెస్ కస్టమర్లం

ఈమధ్య బ్యాంకుల ప్రకటనల్లో కాంటాక్ట్‌లెస్ పేమెంట్ అని గొప్పగా చెప్తున్నారు. నాకు నవ్వొస్తుంది. మనకంటే పాత కాంటాక్ట్‌లెస్ కస్టమర్లు ఈ దేశంలో ఎవరున్నారు? అంగడి అరుగు కింద నిలబడి, పైసలు గట్టు మీద పెట్టి వెనక్కి జరగాలి. అంగడాయన ఆ పైసల మీద నీళ్లు చల్లి తీసుకునేవాడు. బెల్లమో ఉప్పో పొట్లం కట్టి పైనుంచి మన కొంగులో వేసేవాడు. చేతికి చెయ్యి తగలదు. డబ్బుకి అంటు లేదు, డబ్బిచ్చిన చేతికి ఉంది. హోటల్లో రెండు గ్లాసులు, అంగట్లో రెండు దూరాలు.

అప్పు పుస్తకం సంగతి మళ్లీ అదే. అంగట్లో మా ఇంటి పద్దు ఉండేది. మా అమ్మకి గుర్తున్న లెక్క వేరు, పుస్తకంలో ఉన్న లెక్క వేరు. గొడవైతే పుస్తకమే గెలుస్తుంది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు అమ్మ నన్ను పంపించి, "ఏం రాసినాడో చూసి రా" అనింది. నేను పుస్తకంలోకి తొంగి చూస్తే అంగడాయన మూసేసినాడు. మా ఇంట్లో చదువు మొదటి ఉపయోగం అది. పద్యం చదవడానికి కాదు, పద్దు చదవడానికి నన్ను బడికి పంపినారు.

రాయికి ఉన్న కాగితం

డోన్ చుట్టూ సున్నపురాయి. సున్నపు బట్టీలు. బేతంచర్ల వైపు పోతే నాపరాళ్ల పాలిషింగ్ ఫ్యాక్టరీలు. ఈ దుమ్ము పీల్చి బతికిన ఇళ్లు మావి. అమ్మ ఒక బట్టీలో పద్నాలుగేళ్లు చేసింది. రాయి కొట్టడం, బొగ్గు మొయ్యడం, లారీకి ఎత్తడం. వారానికోసారి కూలి. గుమాస్తా చిట్టాలో గీతలు పెట్టేవాడు, రోజుకొక గీత. ఆరు రోజులు చేస్తే ఒక్కోసారి ఐదు గీతలే ఉండేవి. అడిగితే "పుస్తకంలో లేదు" అనేవాడు. అమ్మ ఇంట్లో గోడ మీద బొగ్గుతో తన గీతలు తాను పెట్టుకునేది. ఆ గోడ సాక్ష్యం ఏ ఆఫీసులోనూ చెల్లలేదు.

ఇప్పుడు అదే రకం బట్టీ నుంచి సున్నం లారీ బయటికి పోవాలంటే ఏం కావాలో చూడండి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకుకి, అదే నెల 15 నుంచి మన రాష్ట్రంలో తిరిగే సరుకుకీ ఈ-వే బిల్లు వచ్చింది. సరుకు విలువ యాభై వేలు దాటితే ఎవరు పంపుతున్నారు, ఎవరికి, ఏ లారీ నంబరు, ఎంత విలువ అని ముందే ఆన్‌లైన్‌లో ఎక్కించాలి. 2020 అక్టోబరు 1న పెద్ద కంపెనీలతో ఈ-ఇన్‌వాయిస్ మొదలైంది. 500 కోట్ల టర్నోవరు దాటిన వాళ్లతో మొదలుపెట్టి, దించుకుంటూ వచ్చి, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వాళ్లందరికీ తప్పనిసరి చేశారు. ఈ పద్ధతిలో ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి ఇచ్చే ప్రతి బిల్లూ ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై, ఒక ప్రత్యేక నంబరూ క్యూఆర్ కోడూ తెచ్చుకోవాలి. అవి లేకపోతే ఆ బిల్లు చెల్లదు. కొన్నవాడు తాను కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవాలన్నా ఆ బిల్లే ఆధారం. అందుకే కొనేవాడే పట్టుబట్టి బిల్లు అడుగుతాడు.

రాయికి కాగితం ఉంది. లారీకి కాగితం ఉంది. డీజిలుకి బిల్లుంది, కాటాకి చీటీ ఉంది. ఆ రాయి కొట్టిన మనిషికి, ఆ లారీ నింపిన మనిషికి ఏ కాగితం ఉంది? దినకూలి చేసే చాలామందికి ఈరోజుకీ నోట్లు మడిచి చేతిలో పెడతారు, అంతే. రాష్ట్రం దాటే లారీ సున్నం ఎక్కడికి పోతుందో సర్వరుకి తెలుసు. ఆ సున్నం దుమ్ముకి దగ్గుతున్న ఆడమనిషి ఆ వారం ఎన్ని రోజులు పని చేసిందో ఏ సర్వరుకీ తెలీదు.

చట్టం లేక కాదు. కనీస వేతనాల బిల్లు 1946లో, బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడే సభ ముందుకొచ్చింది. 1948లో చట్టమైంది. 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనాల కోడ్ కూడా ప్రతి యజమానీ వేతన స్లిప్ ఇవ్వాలని చెప్తుంది. టెక్నాలజీ లేక కాదు, చట్టం లేక కాదు. అడిగే బలం ఏ వైపు ఉందో లెక్క ఆ వైపే నిజాయితీగా ఉంటుంది.

వేలు మొదటిసారి మన తరఫున పనిచేసిన కాలం

న్యాయంగా ఇంకో వైపు కూడా చెప్పాలి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. మా గేరిలో ఆడవాళ్ల పేర్లు ప్రభుత్వ మస్టర్‌లో ఎక్కడం నేను ఆ పథకం వచ్చాకే చూసినాను. మస్టర్లు, కొలతలు, చెల్లింపులు కంప్యూటర్లో ఎక్కించడంలో మన రాష్ట్రం ముందుంది. మొదట్లో డబ్బు పోస్టాఫీసుల్లో ఇచ్చేవాళ్లు. తర్వాత స్మార్ట్‌కార్డులు వచ్చాయి. చిన్న మిషన్ మీద వేలు పెడితే మనిషిని గుర్తుపట్టి, ఊళ్లోనే డబ్బు చేతికిచ్చి, రసీదు కొట్టేది.

ఆ మిషన్ పట్టుకుని డబ్బు పంచింది ఎవరో తెలుసా? నిబంధనల ప్రకారం స్వయం సహాయక సంఘంలో ఉన్న ఊరి ఆడవాళ్లు. చదువుకుని ఉండాలి, ఊరి అధికారుల బంధువులు కాకూడదు, వీలైతే అణగారిన కులాల వాళ్లయి ఉండాలి. కరణం చంకలోని పుస్తకం ఒక ఎస్సీ ఆడబిడ్డ చేతిలోకి వచ్చే దారి తెరిచిన నిబంధన అది. కర్నూలు, కడప, అనంతపురంతో కలిపి ఎనిమిది జిల్లాల్లో, దాదాపు 1.9 కోట్ల జనాభా ఉన్న మండలాల్లో ఈ కార్డుల మీద కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తంకర్ పెద్ద అధ్యయనం చేసి 2016లో ప్రచురించారు. కూలి త్వరగా అందిందనీ, మధ్యలో మాయమయ్యే సొమ్ము తగ్గిందనీ తేల్చారు. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. కార్డు లేదని, వేలు పడలేదని కూలి ఆపేసే పట్టుదల అప్పటి ప్రభుత్వం పెట్టుకోలేదు. పాత పద్ధతిలోనూ ఇచ్చేవాళ్లు. మిషన్ మనిషికి సాయం చేసింది కానీ మనిషికి అడ్డం పడలేదు.

తర్వాత రోజుల్లో ఆ మర్యాద పోయింది. సున్నం, రాయి, మట్టి అరగదీసిన వేళ్లు మిషన్‌కి దొరకవు. మా అమ్మ వేలు మూడుసార్లు తుడిచి పెట్టినా పడదు. బట్టీ అరగదీసిన వేలుని మిషన్ "నువ్వు నువ్వు కాదు" అంటుంది. 2021 మార్చిలో కేంద్రం ఇంకో పని చేసింది. ఉపాధి కూలి చెల్లింపులని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు ముక్కలు చేయమనింది. ఒకే గుంత తవ్విన వాళ్లకి మూడు దారుల్లో డబ్బు. ఒకరికి ముందు పడి, ఒకరికి వారాలు ఆలస్యమై, పనిచోట గొడవలు. విమర్శలు వచ్చాక ఆ ఏడాది చివర్లో వెనక్కి తీసుకున్నారు. రెండు గ్లాసుల పద్ధతి సాఫ్ట్‌వేర్‌లో రాస్తే అలాగే ఉంటుంది.

భీమ్ పేరు

2016 ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది. అదే ఏడాది నవంబరు 8 రాత్రి 500, 1000 నోట్లు రద్దు చేశారు. మా బట్టీ కూలీలు పాత నోట్లు కూలిగా తీసుకుని బ్యాంకు ముందు నిలబడిన రోజులు మీలో చాలామంది చూసే ఉంటారు. డిసెంబరు 30న ప్రభుత్వం ఒక యాప్ విడుదల చేసి దానికి భీమ్ అని పేరు పెట్టింది. 2017 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి రోజున, నాగపూర్‌లో వేలిముద్రతో చెల్లించే భీమ్ ఆధార్ పే మొదలుపెట్టారు.

పేరు పెట్టుకున్నారు సరే, ఆయన డబ్బు గురించి ఏం చెప్పాడో చదివారా? 1923లో లండన్‌లో అచ్చైన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' ఆయన డాక్టరేట్ పరిశోధన. 1925లో కరెన్సీ కమిషన్ ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. అందులో మనకి కావాల్సిన ముక్క ఇది. రూపాయి విలువ దిగజారితే ఎగుమతిదారుడికి లాభమని గొప్పగా చెప్పేవాళ్లకి ఆయన ఎదురు చెప్పాడు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు, కాబట్టి ఆ లాభం కూలివాడి జేబులోంచి వచ్చిందే అన్నాడు. డబ్బు వ్యవస్థలో ఏ మార్పు వచ్చినా దాని బిల్లు ఎవరు కడుతున్నారని అడగడం ఆయన నేర్పిన పద్ధతి. నేనిక్కడ చేస్తున్నది అదే.

ఆ పద్ధతిలోనే యూపీఐని చూద్దాం. ఇందులో నిజంగా కొత్తది ఒకటుంది. కరణం పుస్తకం ఒకరి దగ్గరే ఉండేది. ప్రోనోటు ఒకరి పెట్టెలోనే ఉండేది. యూపీఐలో నువ్వు పది రూపాయలు పంపితే ఒకే పన్నెండు అంకెల నంబరు నీ వైపూ పడుతుంది, తీసుకున్నవాడి వైపూ పడుతుంది. ఒకడు పుస్తకం మూసేసి "లేదు" అనడానికి లేదు. పద్దు రెండు వైపులా ఉంది. అమ్మ గోడ మీద పెట్టుకున్న బొగ్గు గీతకి చెల్లుబాటు వచ్చినట్టు.

పాత బస్టాండు దగ్గర టీ అంగట్లో స్పీకర్ డబ్బా "పది రూపాయలు అందాయి" అని అరుస్తుంది. ఎవరిచ్చినా ఒకటే గొంతు. నీళ్లు చల్లే పని లేదు. ఇక్కడే ఆగిపోతే బాగుండేది.

స్కాన్ చేస్తే ఏం కనిపిస్తుంది?

నా దగ్గర బీకాం చదివిన పిల్లోడొకడు రోడ్డు పక్క ఉగ్గాని బజ్జీ బండి పెట్టుకున్నాడు. తన సొంత ఖాతాకి క్యూఆర్ తీసి అతికించాడు. మా జిల్లాలో రికార్డుల్లో మన పేర్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. ఇంటిపేరు ఉండాల్సిన చోట బోయ, కురువ, మాల, మాదిగ అని రాసేస్తారు. బడిలో రాసింది రేషన్ కార్డుకి, రేషన్ కార్డులోది ఆధార్‌కి, అక్కణ్నుంచి బ్యాంకుకి. స్కాన్ చేస్తే ఆ బ్యాంకు పేరే కనిపిస్తుంది, ఇంగ్లీషు అక్షరాల్లో, మాదిగ అని మొదలై.

వాడు నాతో అన్నాడు. "సార్, తిన్నాక స్కాన్ చేస్తారు. పేరు చూస్తారు. నా మొహం చూస్తారు. డబ్బులు పంపుతారు. మళ్లీ రారు. అందరూ కాదు సార్, కొందరు." రోజూ వచ్చే ఒక పెద్దాయన మరుసటి రోజు నుంచి పక్క బండి దగ్గర తింటున్నాడట, వీడి వైపు చూడకుండా. గొడవ లేదు, తిట్టు లేదు. ఏ కేసు పెడతాం? "పేరు మార్చుకోవాలా సార్?" అని అడిగాడు.

నాకు వెంటనే జవాబు రాలేదు. అంగడి పేరుతో వ్యాపార ఖాతా తీసుకోవచ్చు, అది నీ హక్కు, ఏ కోమటి అంగడైనా అలాగే చేస్తుంది అని చెప్పాను. కానీ ఆ పేరు సిగ్గుపడాల్సింది కాదని కూడా చెప్పాను. రెండూ నిజమే, రెండూ చెప్తుంటే నా గొంతే నాకు వింతగా వినిపించింది. తిండి పోయేది వాడికి, నాకు కాదు కదా. వారం తర్వాత పోయి చూస్తే కొత్త క్యూఆర్ ఉంది. స్కాన్ చేస్తే బాబాసాహెబ్ పేరుతో బండి పేరు వచ్చింది. "ఇప్పుడు దాచిపెట్టినట్టూ కాదు, వాళ్లు రాసిన పేరూ కాదు సార్. నేను పెట్టుకున్న పేరు" అన్నాడు. నేను రెండు ప్లేట్లు తిన్నాను. ఆ పెద్దాయన మాత్రం తిరిగి రాలేదు.

మరి ఏం చేద్దాం?

విద్యార్థులు మీ ఇంట్లో, మీ గేరిలో చేయగలిగినవి కొన్ని చెప్తాను.

ఒకటి. అమ్మానాన్నల కూలి ఖాతాలో వేయమని అడిగించండి. ఒక్కరు అడిగితే పని పోతుంది, పదిమందిగా అడగండి. ఖాతాలో పడిన ప్రతి రూపాయీ రేపు లేబర్ ఆఫీసులో సాక్ష్యం. బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి పెట్టుకోండి. చట్టప్రకారం సర్టిఫికెట్ ఉంటే ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో కూడా చెల్లుతుంది.

రెండు. నోట్లిస్తే, ఆ సాయంత్రమే తేదీ, పనిచోటు, ఎన్ని గంటలు, ఎంత ఇచ్చారు అని ఒక నోటుపుస్తకంలో రాయండి. చదువుకున్న బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఒక చిట్టా ఉండాలి.

మూడు. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని లేదని ప్రతి అమ్మకీ చెప్పండి. పిన్ కొడితే డబ్బు పోతుంది. ఊరికే వేలు పెట్టమని ఎవరైనా మిషన్ తెస్తే, ముందు రసీదు చూపించమనండి. జేజి వేలు పట్టుకుని అద్దించినవాడి వారసులు ఇప్పుడు మిషన్లతో తిరుగుతున్నారు.

నాలుగు. వేలు పడలేదని కూలి, పింఛను, బియ్యం ఆపితే ఊరుకోవద్దు. రాతపూర్వకంగా కారణం అడగండి. ఆ కాగితం కూడా మన చిట్టాలోదే.

పోయిన నెల జేజి పెట్టె సర్దుతుంటే ఆ పాత ప్రోనోటు దొరికింది. అప్పు తీరినాక ఆసామి చించకుండా తిరిగిచ్చాడట, ఆమెకి చదవడం రాదు కదా అని. చదివాను. రాసిన మొత్తం మూడు వందలు కాదు, ఎనిమిది వందలు. కింద నల్లటి బొటనవేలు ముద్ర, గీతలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. జేజి పోయి ఆరేళ్లు.

పెదనాయన ఇంకా ఉన్నాడు. ఆయనకి చూపించాలా వద్దా అని ఇప్పటికీ తేల్చుకోలేదు.

వచ్చే భాగంలో రేషన్ కార్డు కథ.

జై భీమ్.